సై యంగ్ 511 విజయాలను కొట్టిపారేసే ముందు

బేస్‌బాల్ అభిమానుల్లో ఒక మాట విరివిగా తిరుగుతోంది. పాతకాలపు అమెరికన్ పిచ్చర్ (బ్యాటర్‌కు బంతి విసిరే ఆటగాడు) సై యంగ్ పేరిట ఉన్న 511 విజయాలు, అంటే పిచ్చర్‌గా అతని ఖాతాలో పడిన మ్యాచ్ గెలుపులు, లెక్కలోకి రావట, ఎందుకంటే అప్పటి పిచ్చర్లు బ్యాటర్‌కు బాగా దగ్గరగా నిలబడేవారట, చెయ్యి పైకెత్తకుండా బంతి విసిరేవారట, పైగా ఆనాటి బ్యాటర్లకు బ్యాటింగే రాదట. ఈ మూడింటిలో ఒక్కటీ నిలవదు.

ముందుగా దూరం. యంగ్ 1890లో క్లీవ్‌లాండ్ స్పైడర్స్ జట్టుతో అమెరికాలోని పెద్ద లీగ్ అయిన నేషనల్ లీగ్‌లోకి వచ్చేనాటికి పిచ్చర్ నేల మీద గీసిన పెట్టెలోంచి విసిరేవాడు. దాని ముందు గీతకూ హోమ్ ప్లేట్‌కూ (బ్యాటర్ పక్కన నిలబడే పలక) మధ్య దూరం 50 అడుగులు. విమర్శకులు పట్టుకునేది ఈ 50నే. కానీ 1887 నుంచే వెనక కాలు వెనక గీత మీద ఉంచాలన్న నిబంధన ఉంది, ఆ గీత 55 అడుగుల 6 అంగుళాల దూరంలో ఉండేది. 1893లో దూరాన్ని 60 అడుగుల 6 అంగుళాలు చేశారు. నేటికీ అదే కొలత. పెరిగింది 5 అడుగులే, అయినా లీగ్ బ్యాటింగ్ సగటు (బ్యాటర్ల ప్రయత్నాల్లో ఎన్నో వంతు హిట్లు అయ్యాయో చెప్పే లెక్క) ఒక్క ఏడాదిలో .245 నుంచి .280కి ఎగబాకింది. ఆ ఏడాది యంగ్ 34 మ్యాచ్‌లు గెలిచాడు!

పాత దూరం నుంచి అతను గెలిచినవి మొదటి మూడేళ్లలో 9, 27, 36, అంటే మొత్తం 72. వాటిని పూర్తిగా చెరిపేయండి. ఇంకా 439 మిగులుతాయి. చరిత్రలో రెండో స్థానంలో ఉన్న వాల్టర్ జాన్సన్‌కు ఉన్నవి 417. ఈ చిన్న తీసివేత చేసి చూడకుండా ఒక మనిషి జీవితకాలపు శ్రమను తీసిపారేయడం నాకు బాధ కలిగిస్తుంది.

చెయ్యి సంగతికొస్తే, భుజం పైనుంచి విసరడానికి నేషనల్ లీగ్ 1884లోనే అనుమతించింది. అప్పటికి యంగ్ ఒహాయోలో పదిహేడేళ్ల కుర్రాడు.

ఇక బ్యాటర్లు. 1894లో లీగ్ మొత్తం సగటు .309. పైగా ఆ లీగ్‌లో 1901 వరకు ఫౌల్ బంతులను (గీతల బయటకు కొట్టినవాటిని) స్ట్రైకులుగా లెక్కించేవారు కాదు, మూడు స్ట్రైకులైతేనే బ్యాటర్ అవుట్ కాబట్టి, నేర్పున్న బ్యాటర్ నచ్చని బంతులన్నిటినీ పక్కకు కొట్టి పిచ్చర్‌ను అలసిపోయేలా చేయగలిగేవాడు. యంగ్ 1904 మే 5న, 37 ఏళ్ల వయసులో, ఒకే మ్యాచ్‌లో తనను ఎదుర్కొన్న ఫిలడెల్ఫియా బ్యాటర్లు 27 మందినీ వరసగా అవుట్ చేసింది కూడా నేటి దూరం నుంచే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. ఆనాటి పిచ్చర్లు ఇప్పటికంటే చాలా తరచుగా ఆడేవారు. యంగ్ 815 మ్యాచ్‌లు మొదలుపెట్టి 749 చివరిదాకా తానే విసిరాడు. 300కు పైగా ఓటములూ అతని పేరిటే ఉన్నాయి, అదీ రికార్డే. నేటి పిచ్చర్‌కు అన్ని అవకాశాలు రావు. అయితే అదే 1890లో అదే లీగ్‌లో మొదలైన గొప్ప పిచ్చర్ కిడ్ నికల్స్‌కు కూడా అవే అవకాశాలు దక్కాయి. అతని విజయాలు 360 దాటి ఆగిపోయాయి.