వరదలో కావాలి, వార్డులో వద్దా?

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీళ్లు తీశాక బెజవాడ సింగ్‌నగర్‌లో ఒక డాబా మీద చూశాను. బట్టలారేసే తీగకు క్లిప్పులు పెట్టి టెన్త్ మార్కుల లిస్టు, ఇంటర్ మెమో, కులధ్రువీకరణ పత్రం వరసగా వేలాడుతున్నాయి. సిరా కారి సంతకాలు అలుక్కుపోయాయి. డిగ్రీ చదివే అమ్మాయి ఒక్కో కాగితాన్నీ ఎండవైపు తిప్పుతోంది. మనమేమో ఇలాంటి పిల్లలకు ‘వాతావరణ మార్పు’ మీద వ్యాసరచన పోటీలు పెడుతుంటాం.

బెజవాడ పక్కన పారే బుడమేరు అనే ఏరు సహజంగా పోవాల్సింది కొల్లేరుకు. వరదను కొంత కృష్ణలోకి మళ్లించడానికి డైవర్షన్ కాలువ ఉంది. ఆ రోజుల్లో ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. నదే నిండుగా ఉంటే కాలువ నీళ్లు ఎక్కడికి దిగుతాయి? కట్టలకు గండ్లు పడ్డాయి, ఊరు మునిగింది. వేడెక్కిన గాలి తేమను ఎక్కువ మోస్తుంది, కురిస్తే కుండపోతే. అది ఆకాశం వంతు. ఏరును ఇళ్లతో, చెత్తతో ఇరుకు చేసింది మాత్రం మనం. బెజవాడలో వాతావరణ రాజకీయం అంటే ముందు బుడమేరు రాజకీయమే.

ఆ వారం లారీ ట్యూబుల మీద పాలప్యాకెట్లు, మంచినీళ్లు చేరవేసిందీ, ముసలివాళ్లను భుజాన మోసిందీ ఎక్కువగా కుర్రాళ్లే. వరద తగ్గాక వాళ్లను పిలిచి ఒక్క మాట అడిగినవాళ్లు లేరు. 18 ఏళ్లకే ఓటు 1989 నుంచి ఉంది. 21 నిండితే కార్పొరేటర్‌గా, 25 నిండితే ఎమ్మెల్యేగా నిలబడొచ్చు. కాగితం మీద దారి బాగానే ఉంది. కానీ మన కాలేజీల్లో విద్యార్థి సంఘాలకు ఎన్నికలు జరిగి దశాబ్దాలైంది. పార్టీల యువజన విభాగాల్లో పనల్లా ఫ్లెక్సీ కట్టడం, బైకు ర్యాలీలో జెండా పట్టడం. మొక్క నాటితే ఫొటో, అదో అదనం.

1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం గుంటూరు ప్రాంతపు అమృతరావు విశాఖలో నిరాహార దీక్షకు కూర్చుంటే రాష్ట్రమంతా విద్యార్థులు రోడ్డెక్కారు. అడిగిందేమిటో, ఎవరిని అడుగుతున్నారో అందరికీ తెలుసు. ‘భూమాతను కాపాడండి’ అన్న నినాదం ఎవరికీ తగలదు. అందుకే దానికి స్పాన్సర్లు సులువుగా దొరుకుతారని నా అనుమానం.

కోర్టు దారీ ఉంది. ఉత్తరాఖండ్‌కు చెందిన రిధిమా పాండే తొమ్మిదేళ్ల వయసులో, 2017లో వాతావరణ మార్పు మీద జాతీయ హరిత ట్రైబ్యునల్‌కు వెళ్తే 2019లో పిటిషన్ కొట్టేశారు. 2024లో సుప్రీంకోర్టు వాతావరణ మార్పు చెరుపు నుంచి రక్షణ కూడా రాజ్యాంగంలో సమానత్వం, జీవించే హక్కు గురించి చెప్పే 14, 21 అధికరణల కిందికొచ్చే హక్కేనంది. మంచిదే, కానీ బెజవాడ రాజరాజేశ్వరిపేట డ్రెయిన్‌లో పూడిక తీయించేది ఢిల్లీ కాదు.

ఇక్కడో చిక్కుంది. ‘ఆక్రమణలు తొలగించండి’ అనడం తేలిక. ఆ కట్ట పక్కనున్న వాటిలో కూలినాలి చేసుకునేవాళ్ల ఇళ్లూ ఉన్నాయి, ఆ కుర్రాళ్లలో కొందరి ఇళ్లూ ఉన్నాయి. ఎక్కడికి పంపుతారో చెప్పకుండా జేసీబీ తెస్తే వాళ్లెవరివైపు నిలబడాలి?

3 లక్షలు, ఆపైన జనాభా ఉన్న నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలని రాజ్యాంగంలోని 243ఎస్ అధికరణ చెబుతోంది. 64 డివిజన్ల బెజవాడలో ప్రతి కమిటీలో పాతికేళ్లలోపు వాళ్లు ఇద్దరు కూర్చున్నారనుకోండి. వాళ్లడగబోయే మొదటి ప్రశ్న కర్బన ఉద్గారాల గురించి కాకపోవచ్చు. బుడమేరు మీద వెలగలేరులో గేట్లు ఎత్తేటప్పుడు ఆ కబురు మా వీధికి ఎవరు చెబుతారు, ఎన్ని గంటల ముందు చెబుతారు?