మూడో ఏటి బ్యాటరీకి డబ్బేదీ?

కేబుల్ వేస్తే గిట్టుబాటు కాదు, సెల్ టవర్ సిగ్నల్ అందదు, మధ్యలో గుట్ట అడ్డం. ఇలాంటి ఊళ్లకు ఇంటర్నెట్ చేర్చే దారి కొత్తదేమీ కాదు. గుట్ట మీద ఒక స్తంభం, చెరోవైపు చూసే రెండు యాంటెన్నాలు, వాటికి చెరో రేడియో, ఒక సోలార్ ప్యానెల్, ఒక బ్యాటరీ ఉంటే చాలు. ఒకవైపు సిగ్నల్ అందుకుని మరోవైపుకు పంపే ఈ ఏర్పాటే రిపీటర్. నేపాల్‌లోని మ్యాగ్ది జిల్లాలో మహాబీర్ పున్, ఆయన సహచరులు మొదట్లో చెట్లకే యాంటెన్నాలు కట్టి కొండ పల్లెలను కలిపారు. ఆ కృషికి 2007లో ఆయనకు మెగసెసే అవార్డు దక్కింది. అలాంటప్పుడు ఇన్నేళ్ల తర్వాత కూడా రిపీటర్లు పెట్టినంత వేగంగా మూగబోవడం ఏమిటి?

లోపం రేడియోల్లో లేదు, కరెంటు లెక్కలో ఉంది. రెండు రేడియోలూ కలిసి 12 వాట్లు తీసుకుంటే రోజుకు 288 వాట్-అవర్లు కావాలి. రాత్రీ పగలూ నడవాలి కదా! 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లెడ్ యాసిడ్ బ్యాటరీలో కాగితం మీద 1,200 ఉంటాయి. కానీ రోజూ సగానికి మించి ఖాళీ చేస్తే దాని ఆయుష్షు తరిగిపోతుంది. అంటే ఎండ లేకుండా అది లాగేది రెండు రోజులే. ముసురు మూడో రోజుకు సాగితే అంతే సంగతులు. ప్యానెల్ సైజు తేల్చాల్సింది ఏడాది సగటు ఎండను బట్టి కాదు, బాగా మబ్బు పట్టే నెలను బట్టి. అంచనా వ్యయం తగ్గించాలనగానే ముందుగా కోత పడేది మాత్రం బ్యాటరీకి, ప్యానెల్‌కే.

ఎదురుగా కనిపిస్తోంది కదా అని లింకు కట్టేయడం మరో తొందరపాటు. 5.8 గిగాహెర్ట్జ్‌లో 10 కిలోమీటర్ల దూరానికి, సరిగ్గా సగం దారిలో, రెండు యాంటెన్నాలనూ కలిపే చూపు గీత చుట్టూ దాదాపు 7 మీటర్ల మేర ఖాళీ ఉండాలి. ఆకులు రాలినప్పుడు బ్రహ్మాండంగా నడిచిన లింకు చిగుళ్లు వేయగానే మొరాయించేది అందుకే. ఇక ఒకే రేడియోతో సరిపెడితే, అందుకోవడం, పంపడం రెండూ అదే చేయాలి కనుక వేగం సగానికి పడిపోతుంది.

ఇవన్నీ సరిచూసుకుని కట్టినా బ్యాటరీ ముసలిదవక తప్పదు. అదీ ఒక్కసారిగా చావదు. మూడో ఏడో నాలుగో ఏడో తెల్లవారుజామున వోల్టేజీ పడిపోతుంది, బ్యాటరీని కాపాడే ఛార్జ్ కంట్రోలర్ రేడియోలకు కరెంటు ఆపేస్తుంది. ఎండెక్కాక అంతా దానంతటదే తిరిగొస్తుంది. పట్టణంలో ఇంజనీరు సీట్లో కూర్చునే వేళకు స్క్రీన్ మీద అన్నీ పచ్చ లైట్లే! ఫిర్యాదు చేసిన ఊరివాళ్లదే భ్రమ అయిపోతుంది. అదే ఊళ్లో వోల్టేజీ కొలిచే మల్టీమీటర్ పట్టుకోవడం తెలిసిన మనిషి ఒక్కరుంటే, పొద్దున్నే గుట్టెక్కి రీడింగ్ చూసి సంగతి తేల్చేస్తారు. బ్యాటరీలో నీళ్లు పోయడం, ప్యానెల్ మీద దుమ్ము తుడవడం, పిడుగు పడ్డాక ఎర్తింగ్ చూడటం కూడా ఆ మనిషి పనే. ఆ పనిని ఉచిత సేవగా లెక్కకట్టడం మాకు సమ్మతం కాదు.

ప్రారంభోత్సవానికి డబ్బు ఎప్పుడూ దొరుకుతుంది. అందుకే మంజూరు చేసే సంస్థలు, దాతలు మొదటిరోజే రెండు పద్దులు అడగాలి: కొత్త బ్యాటరీకి పక్కన పెట్టిన సొమ్మెంత, ఊళ్లో శిక్షణ పొందిన ఇద్దరికి నెలనెలా ఇచ్చేదెంత? ఒక్కరికే నేర్పితే వాళ్లు వలస పోయిన రోజున కథ మళ్లీ మొదటికొస్తుంది. ఈ పద్దులు లేని ఫైలును సంతకం పెట్టకుండా వెనక్కి పంపాలి.