ఇంటి పని అయ్యేదాకా ఆగకండి

మొన్న ఒక పెళ్ళిలో భోజనాల దగ్గర మా పిన్నిగారి కోడలు నా పక్కన కూర్చుంది. ముప్పై మూడేళ్ళు ఉంటాయేమో, డిగ్రీ చదివిన పిల్ల. "వదినా, మీరు బీఈడీ చేశారంట కదా. నాకూ చేయాలని ఉంది. ఇల్లు రిపేరు మొదలెట్టాం, అది అయ్యాక చేరదామనుకుంటున్నాను" అంది. "వద్దమ్మా, ముందు చేరు. ఇంటి పని దాని దారిన అది అవుతుంది" అన్నాను. ఈలోపు ఎవరో పిలిచారు, లేచి వెళ్ళిపోయింది. చెప్పాల్సింది చాలా మిగిలిపోయింది. ఆ అమ్మాయిలా ఆలోచించేవాళ్ళు ఇంకా ఎంతోమంది ఉంటారని ఇక్కడ రాస్తున్నాను. పెద్దదే, ఓపికగా చదవండి.

నేను 2006లో బీఎస్సీ పూర్తి చేశాను. అప్పట్లో బీఈడీ ఏడాదే. "సంబంధాలు చూస్తున్నాం, పెళ్ళయ్యాక చదువుకుందువుగానిలే" అన్నారు మా నాన్నగారు. పెళ్ళయ్యాక, పిల్లలు కాస్త ఎదగనీ అన్నారు. పిల్లలు ఎదిగేసరికి అత్తయ్యగారికి తుంటి ఎముక విరిగింది. ఆవిడ లేచి తిరిగేసరికి ఇంటి పైకప్పు కారడం మొదలైంది. ఈలోగా 2015 నుంచి బీఈడీని రెండేళ్ళు చేశారు. నేను ఆగాను గానీ చదువు నా కోసం ఆగలేదు. పైగా ఇంకో ఏడాది పెరిగి కూర్చుంది.

మాది పాలకొల్లులో పాత పెంకుటిల్లు. మా మావయ్యగారి నాన్నగారు కట్టించారు. ముందు వసారా, లోపల నాలుగు గదులు, వెనక పెరడు. గోడలు ఒకటిన్నర అడుగు మందం, గానుగ సున్నంతో కట్టినవి. తాటి వాసాలకు చెద పట్టింది, రెండు గదుల్లో పెంకు జారిపోయింది, వెనక గది గోడ నడుం ఎత్తు దాకా చెమ్మెక్కింది. చుట్టాలందరూ పడగొట్టి అపార్టుమెంటుకి ఇచ్చేయమన్నారు. మా ఆయనకీ నాకూ మనసొప్పలేదు. బాగు చేయించుకుందాం అనుకున్నాం. సరిగ్గా ఆ సమయంలోనే నాకు బీఈడీ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్‌లో సీటొచ్చింది, రైలెక్కితే భీమవరంలో దిగి వెళ్ళగలిగే కాలేజీలో.

అప్పుడు ఇంటికొచ్చిన ప్రతి ఒక్కరూ అన్న మాట ఒకటే. "ఇప్పుడు రెండూ ఎందుకమ్మా? ముందు ఇల్లు చూసుకో, వచ్చే ఏడాది చేరుదువుగాని." ప్రేమగానే అన్నారు. కానీ ఇంటి పని ఎప్పటికైనా అయిపోతుందనుకోవడం దగ్గరే తప్పంతా ఉంది. పాత ఇంట్లో ఒక వాసం తీస్తే పక్క వాసం కూడా పుచ్చిందని అప్పుడు తెలుస్తుంది. మా మేస్త్రీ మొదటి రోజు "ఆయ్, సంక్రాంతి వెళ్ళాక పెంకు దింపితే ఉగాదికి ఎక్కించేస్తామండి" అన్నాడు. మంచివాడే, పని తెలిసినవాడే. వానలు పడేటప్పటికి కూడా సగం ఇంటి మీద టార్పాలిన్ పట్టాయే ఉంది. ఈ రోజుకీ వెనక గదిలో గచ్చు వేయలేదు. నా బీఈడీ మాత్రం అయిపోయింది.

రెండు వీధుల అవతల మేడ మీద రెండు గదుల పోర్షన్ అద్దెకు తీసుకున్నాం. మారడానికి మొదట ఒక మంచిరోజు చూశారు. ఆ వారం మా అబ్బాయికి ఇంటర్ యూనిట్ టెస్టులున్నాయని తేదీ మార్చారు. వాడికి టెన్షన్ పెట్టకూడదన్నారు, నేనూ సరే అన్నాను, పిల్లాడి చదువు కదా. మార్చిన తేదీ నా మొదటి సెమిస్టర్ పరీక్షల మధ్యలో పడింది. గురువారం ఇల్లు మారడం, శుక్రవారం నాకు పేపరు. "పుష్యమాసం వచ్చేస్తోంది, ఇంక రోజుల్లేవు" అన్నారు. అబ్బాయి కోసం జరిగిన ముహూర్తం నా కోసం జరగలేదు.

ఎవరూ కావాలని చేసింది కాదు. నాకు పరీక్ష ఉన్న సంగతి ఇంట్లో ఒక్కరికీ గుర్తు లేదు, అంతే. గుర్తు చేస్తే "అయ్యో, అవును కదా" అన్నారు. ఆ మాట నాకు ఇప్పటికీ మనసులో గుచ్చుకుంటుంది. ఇంట్లో కొడుక్కి పరీక్షలంటే టీవీ ఆగిపోతుంది, చుట్టాలను రావద్దంటాం, ఉదయాన్నే పాలు కాచి పక్కన పెడతాం. అదే ఇంట్లో తల్లికి పరీక్ష ఉంటే ఆవిడే అందరికీ వండిపెట్టి, పాలు పొంగించి, సామాను మోయించి, రాత్రి ఒంటిగంటకి పుస్తకం తీయాలి. ఆ పేపరు పేరు "బాల్యం, ఎదుగుదల". రెండు గంటలు నిద్రపోయి వెళ్ళి రాశాను.

సామాను సర్దేటప్పటి సంగతి ఒకటి చెప్పాలి. ఖాళీ సిమెంటు సంచులు తెచ్చి, ఏ సంచిలో ఏముందో మార్కరు పెన్నుతో మా అమ్మాయి చేత రాయించాను. వంటిల్లు. దేవుడి గది. అటక సామాను. నాన్న కాగితాలు. అన్నయ్య పుస్తకాలు. అమ్మమ్మ మందులు, నానమ్మ చీరలు. నా పుస్తకాలు ఎక్కడున్నాయని కొత్త ఇంట్లో అర్ధరాత్రి వెతికితే, "ఇతరాలు" అని రాసిన సంచిలో పాత చెప్పులతో పాటు దొరికాయి. అమ్మాయిని ఏమీ అనలేదు. దానికి పేర్లు చెప్పింది నేనే. నా వస్తువులకంటూ ఒక సంచి ఉండాలని నాకే తోచలేదు.

మర్నాడు పరీక్ష నుంచి రాగానే అటక సామానులోంచి నా పెళ్ళినాటి ట్రంకు పెట్టె తీయించి, తుడిచి, పుస్తకాలు, రికార్డులు, హాల్ టికెట్, చార్టులు అందులో పెట్టి తాళం వేశాను. ఆ తాళం చెవి తాళిబొట్టు పక్కన పిన్నీసుకి తగిలించుకున్నాను. ఇల్లు మారుతూ చదువుకునే ఆడవాళ్ళందరికీ నేను మొట్టమొదట చెప్పేది ఇదే. ఒక పెట్టె, దానికి ఒక తాళం. దాని మీద మీ పేరు.

ఇంకో సలహా కూడా చాలామంది ఇచ్చారు. అది వింటే నాకు నిజంగా కోపం వస్తుంది. "కాలేజీకి వెళ్ళకపోయినా పరవాలేదు, కాస్త డబ్బు కడితే హాజరు వాళ్ళే వేసుకుంటారు, పరీక్షలకి వెళ్ళి కూర్చుంటే చాలు. హాయిగా ఇంటి పని చూసుకోవచ్చు" అని. అలాంటి కాలేజీలున్నాయని అందరికీ తెలుసు. ఆ దారిలో వెళ్ళినవాళ్ళను నిందించను, ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో ఇబ్బంది. కానీ ఈ సలహా ఎక్కువగా ఎవరికి ఇస్తారో గమనించండి. పెళ్ళయిన ఆడవాళ్ళకే. ఇంట్లోంచి కదలకుండా సర్టిఫికెట్ ఇప్పిస్తామంటారు. మరి రేపు నలభై మంది పిల్లల ముందు నిలబడి ఏం చెప్పాలి? నిబంధన ప్రకారం తరగతులకు 80 శాతం, స్కూల్లో చేసే ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం హాజరు ఉండాలి. నాకు ఆ నిబంధన కష్టం అనిపించలేదు. అండగా నిలిచింది. "ఈ రోజు వెళ్ళకపోతే ఏం?" అని ఎవరైనా అడిగితే చూపించడానికి నా చేతిలో ఒక లెక్క ఉంది.

రెండో ఏడాది ఇంటర్న్‌షిప్ 16 వారాలు. వారానికి ఆరు రోజుల చొప్పున 96 రోజులు. తొమ్మిది రోజులకు మించి మానడానికి లేదు. ఆ లెక్క కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. రెండో వారంలోనే మా ఆయన ఫోను చేసి "రేపు వడ్రంగి వస్తానన్నాడు, గుమ్మాల కొలతలు చూడాలి, నువ్వుండాలి" అన్నారు. ఇరవై ఏళ్ళ సంసారంలో మొదటిసారి "కుదరదండి, మీరు సెలవు పెట్టండి" అన్నాను. కాసేపు అవతల మాట లేదు. తర్వాత "సరే" అన్నారు. పెట్టారు కూడా. వడ్రంగి వచ్చాడు, కొలతలు తీసుకున్నాడు, గుమ్మాలు చక్కగా కూర్చున్నాయి. ఇన్నేళ్ళూ నేను అడగలేదు కాబట్టి ఆయనకు చేయాల్సిన అవసరం రాలేదు. అడిగితే ఇంట్లో గొడవవుతుందని భయపడి ఎన్ని ఆపుకున్నానో తలుచుకుంటే ఇప్పుడు బాధగా ఉంది.

ఇంటి పని చదువుకు అడ్డమంటారు కదా, నా విషయంలో జరిగింది వేరు. చెమ్మెక్కిన వెనక గది గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేసేద్దామన్నాడు మేస్త్రీ. ఆ గోడకు ఇరవై ఏళ్ళ కిందట కూడా సిమెంటే పూశారు. మిగతా గదుల్లో సున్నపు గోడలు పొడిగానే ఉన్నాయి, ఆ ఒక్క గోడే ఉప్పు తేలి, వేలితో గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడిపోతోంది. గోడ లోపల ఉన్న చెమ్మ సున్నంలోంచి అయితే మెల్లగా బయటికి ఆరిపోతుంది, సిమెంటు దాన్ని లోపలే బిగించేస్తుంది. ఇది నేను చదువుకుంటున్న సబ్జెక్టే. ఊడిన పెచ్చు చేతిలో పెట్టి చూపించాను. మేస్త్రీ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, "మా నాన్న కూడా ఇదే మాట అనేవాడండమ్మా" అన్నాడు. సున్నమే తెచ్చాడు. బెల్లం నీళ్ళు, కరక్కాయ నానబెట్టిన నీళ్ళు కలిపి తయారుచేసే పద్ధతి ఆయనకే తెలుసు, నాకు తెలియదు. ఆయన దగ్గర నేను నేర్చుకున్నాను. పెంకును వేలి కణుపుతో కొట్టి చూడడం కూడా ఆయన నేర్పిందే. ఖణేల్మంటే మంచి పెంకు, బొంగురుగా మోగితే లోపల చీలిక ఉన్నట్టు. ఒక ఆదివారం పెరట్లో కూర్చుని నాచు కడిగిన పెంకులు అలా నాలుగు వందలు కొట్టి చూశాం, అమ్మాయీ నేనూ.

ఆ సున్నంలోంచి రెండు గుప్పిళ్ళు కాల్చిన గుల్ల డబ్బాలో వేసుకుని స్కూలుకి పట్టుకెళ్ళాను. పదో తరగతి పిల్లలకు రసాయన చర్యల పాఠం. పిల్లలను దూరంగా నిలబెట్టి, ఇనప బకెట్లో గుల్ల వేసి నీళ్ళు పోశాను. బుసబుసమని పొంగింది, ఆవిరి లేచింది, బకెట్ వేడెక్కిపోయింది. వెనక బెంచీ పిల్లలు కూడా మెడలు చాచి చూశారు. ఈ గుల్ల సముద్రంలో ఉన్నప్పుడు కాల్షియం కార్బొనేట్. బట్టీలో కాలిస్తే కాల్షియం ఆక్సైడ్. నీళ్ళు పోస్తే కాల్షియం హైడ్రాక్సైడ్. గోడకు వెల్ల వేశాక గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌తో కలిసి రెండు మూడు రోజుల్లో మెరుపు వస్తుంది, అంటే మళ్ళీ కాల్షియం కార్బొనేట్ అయిపోతుంది. "అంటే టీచర్, గోడ మళ్ళీ గుల్ల అయిపోయినట్టా?" అని అడిగాడు ఒక పిల్లాడు. పుస్తకంలో ఎక్కడా లేని ప్రశ్న అది. నాకు కళ్ళ నీళ్ళొచ్చాయి. అవునన్నాను. ఇల్లంతా పూర్తయ్యాక తీరిగ్గా చదువుకుని ఉంటే నా చేతిలో ఆ గుల్లా ఉండేది కాదు, నేను ఆ ప్రశ్నా వినేదాన్ని కాదు.

కష్టం లేదని చెప్పను. నరసాపురం నుంచి వచ్చే రైల్లో నిలబడి నోట్సు చదివాను. అత్తయ్యగారికి జ్వరం వచ్చిన నాలుగు రోజులూ ఆ తొమ్మిదిలోంచే పోయాయి. లెసన్ ప్లాన్లు రాస్తూ అన్నం మాడబెట్టాను. అద్దె అనుకున్నదానికంటే ఎక్కువ నెలలు కట్టాల్సి వచ్చింది, పని సాగింది కాబట్టి. అవన్నీ చదువు లేకపోయినా జరిగేవే.

ఆగడం వల్ల పోయేది మాత్రం తిరిగి రాదు. 2025లో ప్రభుత్వ టీచర్ ఉద్యోగాల మెగా డీఎస్సీకి 16,347 పోస్టులతో నోటిఫికేషన్ వచ్చినప్పుడు నా చేతిలో ఇంకా సర్టిఫికెట్ లేదు. ఓసీలకు వయోపరిమితి 42 నుంచి 44కి పెంచారు. నాకు 41. ఎడ్‌సెట్ రాయడానికి పై వయసు అడ్డు లేదు, ఉద్యోగానికి ఉంది. ఏడాది ముందు చేరి ఉంటే ఆ పరీక్ష రాసేదాన్ని. ఇల్లు పూర్తయ్యేదాకా ఆగి ఉంటే వచ్చే నోటిఫికేషన్ కూడా నాకు దక్కేది కాదేమో. మీ ఇంట్లో మీ తరఫున ఈ లెక్క వేసేవాళ్ళు ఎవరూ ఉండరు. మీరే వేసుకోవాలి.

బీఈడీయే చేయాలని కూడా లేదు. పది దగ్గర ఆగిపోయినవాళ్ళుంటే ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం, అంటే ఓపెన్ స్కూల్ ఉంది, పద్నాలుగేళ్ళు నిండితే చాలు, ఆ పైన ఎంత వయసైనా ఫరవాలేదు. మా వీధిలో పాలు పోసే ఆవిడకు ఈ మాట చెప్పాను. ఆవిడ కూతురు వెళ్ళి ఫారం తెచ్చిచ్చింది.

మా పిన్నిగారి కోడలికి నిన్న రాత్రి ఫోను చేశాను. పని ఎక్కడిదాకా వచ్చిందంటే, ఇంకా పునాది దగ్గర మట్టి తవ్వుతున్నారంది. ఎడ్‌సెట్ నోటిఫికేషన్ రాగానే పంపిస్తానన్నాను, 150 ప్రశ్నలు, రెండు గంటలు, తప్పు రాస్తే మార్కులు పోవు, భయం లేదని చెప్పాను. నా నోట్సు, లెసన్ ప్లాన్లు అన్నీ ట్రంకు పెట్టెలో అలాగే ఉన్నాయి. పెట్టెతో సహా వచ్చి పట్టుకెళ్ళమన్నాను. ఈ ఆదివారం వస్తానంది.