అట్టకత్తికి అగ్నిపరీక్ష

నాటకాలకు, వేషధారణ పోటీలకు, సినిమా కళా విభాగాలకు బహుమతులిచ్చే సంఘాలన్నింటినీ తక్షణం రద్దు చేసి, ఆ బాధ్యతను విమానాశ్రయ భద్రతా సిబ్బందికి అప్పగించాలని ఈ వ్యాసం ద్వారా సవినయంగా ప్రతిపాదిస్తున్నాను. వేళాకోళానికి అంటున్న మాట కాదు. మామూలు న్యాయనిర్ణేతకు మెడలో దండ పడగానే మొహమాటం మొదలవుతుంది. పైగా తను చూస్తున్నది అట్టకత్తి అని ఆయనకు ముందే తెలుసు. తనిఖీ అధికారికి మొహమాటమూ లేదు, ముందస్తు సమాచారమూ లేదు. ఆయన మీ కత్తిని చూసి ఒక్క అడుగు వెనక్కి వేస్తే అది కళ. నవ్వి వదిలేస్తే అది అట్టముక్క.

నియమాలు కూడా ఈ సౌందర్యశాస్త్రం మీదే నిలబడి ఉన్నాయి. ఐరోపా సమాఖ్య విమానంలోపలికి తీసుకెళ్లకూడదన్న వస్తువుల జాబితాలో, అసలు తుపాకులకు తోడుగా, అసలువని పొరబడే అవకాశమున్న బొమ్మ తుపాకులనూ నకళ్లనూ చేర్చింది. పొరబడే అవకాశం లేని నాసిరకం బొమ్మకు ఆ గౌరవం దక్కలేదు. అమెరికాలో విమానాశ్రయ తనిఖీలు చూసే టీఎస్ఏ కూడా అంతే: అచ్చం నిజమైనదిలా ఉన్న తుపాకీ నకలు చేతి సామానులో కుదరదు, చెక్-ఇన్ సామానులో వేసుకోవచ్చు. దీని తాత్పర్యం ఏమిటి? ఇసుక కాగితం అరిగేదాకా రుద్ది, అంచుల వెంట తుప్పు మరకలు దిద్ది, పిడి మీద చెమట పట్టిన జాడ కూడా చూపించిన పనిమంతుడు వరుస పక్కకు తప్పుకోవాలి. జిగురు చుక్కలు బయటికి కారుతున్న అట్టముక్క పట్టుకొచ్చినవాడు దర్జాగా కిటికీ సీటులో కూర్చుంటాడు. తాడును చూసి పామనుకోవడం భ్రాంతి అని వేదాంతులు తేల్చి శతాబ్దాలైంది. విమానాశ్రయంలో మాత్రం తాడు తాడులా కనిపించాలని రాతపూర్వకంగా ఆదేశాలున్నాయి.

తీర్పు మీద అప్పీలుకు ఆస్కారం లేకపోవడం ఈ వ్యవస్థలోని మరో సుగుణం. ఒక వస్తువును అనుమతించాలా వద్దా అన్న తుది నిర్ణయం తనిఖీ కేంద్రంలోని అధికారిదేనని టీఎస్ఏ స్పష్టంగా చెబుతుంది. ఇంతటి అధికారం ఉన్న కళావిమర్శకుడు ఏ భాషా సాహిత్యంలోనూ పుట్టలేదు. పుట్టాలని కొందరు ప్రయత్నించారు, అది వేరే సంగతి.

ఈ విమర్శకుల నిశిత దృష్టికి దాఖలాలు కావాలా? 2008లో లండన్ హీత్రూలో ఒక ప్రయాణికుడిని ఆపి చొక్కా మార్చుకోమన్నారు. ఆ టీషర్టు మీద తుపాకీ పట్టుకున్న మరమనిషి బొమ్మ ఉంది. చొక్కా మీద అచ్చువేసిన తుపాకీ అది. పేల్చాలంటే ముందు ఉతకాలి. 2013లో అమెరికాలోని సెయింట్ లూయిస్ విమానాశ్రయంలో మేజోళ్లతో కుట్టిన ఒక కోతిబొమ్మ దగ్గర బొమ్మ పిస్తోలు దొరికింది. పొడవు సుమారు రెండు అంగుళాలు. దాన్ని తీసేసుకున్నారు. కోతి నిరాయుధంగా ప్రయాణం కొనసాగించింది. అదే ఏడాది డెన్వర్‌లో, అంతరిక్ష సాహస చిత్రాల్లో ఒళ్లంతా బొచ్చున్న వీరుడిగా నటించిన పీటర్ మేహ్యూను ఆపారు. ఏడడుగుల ఎత్తు దాటిన ఆ మనిషి చేతిలో వెలుగు కత్తి ఆకారంలో చేయించుకున్న ఊతకర్ర ఉంది, అది మరీ బరువుగా ఉందని సందేహం. చివరికి వదిలేశారు. నటుడికి అంతకన్నా పెద్ద ప్రశంస ఏముంటుంది?

2019లో జరిగింది వీటన్నింటికీ తలమానికం. ఒక వినోద ఉద్యానంలో శీతల పానీయాన్ని, సినిమాలో పేలే గుండు ఆకారంలో ఉన్న సీసాల్లో అమ్మారు. పేలుడు పదార్థాల నకళ్లు ఏ సామానులోనూ చెల్లవు గనుక ఈ సీసాలూ చెల్లవని టీఎస్ఏ మొదట ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే పునరాలోచించి, ఇవి ద్రవపదార్థాలు మాత్రమేనని, చెక్-ఇన్ సామానులో పెట్టుకోవచ్చని తేల్చింది. ఒకే సీసా అటు బాంబుగానూ ఇటు పానీయంగానూ అధికారిక గుర్తింపు పొందింది. ఇంత గొప్ప ద్విపాత్రాభినయానికి బహుమతి ఇవ్వకపోవడం కళారంగానికే మచ్చ.

ద్రవాల ప్రస్తావన వచ్చింది కాబట్టి రక్తం గురించి చెప్పాలి. 2006లో ద్రవ పేలుడు పదార్థాలతో విమానాలు కూల్చే కుట్ర బ్రిటన్‌లో బయటపడ్డాక 100 మిల్లీలీటర్ల నిబంధన వచ్చింది. ఆ నిబంధన వెనకున్న భయం నిజమైనది, దాన్ని నేను వెక్కిరించను. అయితే రంగస్థల రక్తానికీ అదే లెక్క. కనుక ఆ నిబంధన ఇంకా సడలించని విమానాశ్రయాల్లో ఎంత ఘోర యుద్ధమైనా చేతి సంచిలో ఒక్కో సీసాకు 100 మిల్లీలీటర్లకు మించి రక్తపాతం పనికిరాదు. కన్నీళ్ల పరిస్థితి ఇంకా క్లిష్టం. నటులు ఏడవడానికి వాడే గ్లిజరిన్ చేతికి అంటుకుని ఉంటే, పేలుడు పదార్థాల జాడ కోసం అరచేతులు తుడిచి చూసే యంత్రం ఒక్కోసారి పొరపాటున కూత పెడుతుంది. ముందురోజు రాత్రి వేదిక మీద తనివితీరా ఏడ్చిన తల్లి పాత్రధారిణి మర్నాడు అనుమానితురాలిగా నిలబడితే, ఆమెకు ఏడవడానికి ఈసారి గ్లిజరిన్ అవసరం ఉండకపోవచ్చు.

వెలుగులు చిమ్మే ఆయుధాల మీద శాస్త్రం ఇంకా లోతుగా వెళ్లింది. కత్తి కత్తిలా ఉంటే అది కింద, సామాను అరలో ప్రయాణించాలి. దానికి వెలుగిచ్చే విడి లిథియం బ్యాటరీలు, పవర్‌బ్యాంకు మాత్రం నిప్పంటుకుంటే వెంటనే ఆర్పగలిగేలా పైన ప్రయాణికుడి దగ్గరే ఉండాలి. బ్యాటరీ సామర్థ్యం 100 వాట్-అవర్లు దాటితే విమానసంస్థ అనుమతి తీసుకోవాలి. 160 దాటితే ఆశ వదులుకోవాలి. అంటే వీరుడి దేహం కింద, ప్రాణం పైన. వెండిరంగు స్ప్రే డబ్బా, తొందరగా నిప్పంటుకునే జిగురు పైనా చెల్లవు, కిందా చెల్లవు. వాటికి మోక్షం చెత్తబుట్టలోనే.

ఇక తనిఖీ దగ్గరి దృశ్యం. ఎక్స్‌రే తెర మీద లోహం నీలంగా, ఫోము, రబ్బరు వంటివి నారింజ రంగులో కనిపిస్తాయి. రబ్బరుతో పోతపోసిన తెగిన చెయ్యి ఒకటి, వేళ్ల లోపల వంగే ఇనుప తీగలతో సహా, ట్రేలో పడుకుని లోపలికి వెళ్లిందనుకోండి. బెల్టు ఆగుతుంది. వెనక్కి కదులుతుంది. మళ్లీ ఆగుతుంది. తెర ముందున్నాయన పక్కాయనను పిలుస్తాడు, పక్కాయన పైఅధికారిని పిలుస్తాడు. ముగ్గురూ తలలు దగ్గర చేర్చి నీలం ఎముకలున్న నారింజ చేతిని చూస్తారు.

"ఇది ఎవరిదండీ?"

"నాదేనండీ."

"మీ చెయ్యేనా?"

"కాదండీ. పాత్రది."

ఈలోగా వరుసలో వెనకున్న పెద్దమనిషి కందకు లేని దురద కత్తిపీటకన్నట్టు ముందుకు వంగి, "ఇలాంటివి ఎందుకండీ విమానాల్లో" అని నిట్టూరుస్తాడు. ఆయన సంచిలోంచి నీళ్ల సీసా బయటపడ్డాక కాస్త శాంతిస్తాడు.

నిజానికి ఈ చిక్కుకు పరిష్కారం పాండవులు ఎప్పుడో చూపించారు. విరాటుడి కొలువుకు మారువేషాల్లో వెళ్లేముందు ఆయుధాలన్నీ మూటగట్టి జమ్మిచెట్టు మీద పెట్టారు. వేషమైనా ఉండాలి, ఆయుధమైనా ఉండాలి, రెండూ కలిసి గడప దాటకూడదన్న భద్రతా సూత్రాన్ని తొలిసారి పాటించినవాళ్లు వాళ్లే. ఆ మూట శవంలా కనిపించేలా చూసుకున్నారు కూడా, కాబట్టి ఎవరూ విప్పి చూడలేదు. ఇప్పుడు అలా కట్టిన మూటను చెక్-ఇన్ కౌంటరులో ఇస్తే విప్పకుండా ఉండేవాళ్లు ఎవరూ లేరు. అజ్ఞాతవాసం ముగిశాక గాండీవం ఉన్నది ఉన్నట్టు దొరికింది. నేటి వేషధారికి సామాను బెల్టు మీద విల్లు రెండు సంచుల్లోంచి నాలుగు ముక్కలుగా వస్తుంది.

అందువల్ల నా ప్రతిపాదనలోని విభాగాలను స్థూలంగా చెబుతాను. సంచి తెరవకుండానే వదిలేస్తే ప్రోత్సాహక బహుమతి కూడా లేదు. ఆ కళాకారుడు మళ్లీ మొదటినుంచి నేర్చుకోవాలి. తెరిచి చూసి నవ్వితే తృతీయం. పైఅధికారి వస్తే ద్వితీయం. స్వాధీనం చేసుకుని రసీదు ఇస్తే ప్రథమం, ఆ రసీదునే చట్రం కట్టించి ప్రశంసాపత్రంగా ప్రదానం చేయాలి. నకలు గ్రెనేడ్లు తెచ్చేవాళ్లు పోటీకి అనర్హులు. టీఎస్ఏ వాటిని రెండు రకాల సామానులోనూ నిషేధించింది, పైగా అవి తెచ్చేవాళ్లలో నాకు కళాతృష్ణ కన్నా తెలివితక్కువతనమే ఎక్కువగా కనిపిస్తోంది.

చిక్కల్లా ఉత్తమ మేకప్ విభాగంతోనే. పాస్‌పోర్టులోని ఫొటోకూ ఎదురుగా ఉన్న ముఖానికీ ఏ పోలికా దొరకక అధికారి తల పట్టుకుంటే ఆ బహుమతి ఖాయం. కానీ దాన్ని అందుకోవడానికి విజేత స్వయంగా రాలేడు. సబ్బుతో ముఖం కడుక్కుని వచ్చేసరికి ఆయన ఎక్కాల్సిన విమానం వెళ్లిపోయి ఉంటుంది. ఆయన తరఫున ఎవరైనా అందుకోవచ్చని నియమావళిలో ఒక వాక్యం చేర్చాం.