ఆదివారం బెంగ అంకితభావం కాదు

"పని వ్యసనం అనే మాట సోమరులు పుట్టించింది" అంటూ మొదలై, ఎంత పనిచేస్తే అంత మంచిదని ఆరు పాయింట్లలో చెప్పే మెసేజ్ ఈ నెలలో నాకు ఆరోసారి వచ్చింది. పంపినవాళ్ళంతా నాకు కావలసినవాళ్ళే. చివరగా పంపిన మిత్రుడు రాత్రి ఒకటీ నలభైకి, ఆఫీసు పని మధ్యలో పంపాడు. అందుకే ఈసారి చూసీ చూడనట్టు ఊరుకోలేకపోతున్నాను.

మొదటి మాటే తప్పు. 'వర్కహాలిక్' (పని వ్యసనపరుడు) అన్న పదాన్ని వాడుకలోకి తెచ్చింది వేన్ ఓట్స్ అనే అమెరికన్ పాస్టరు, మనస్తత్వ శాస్త్ర అధ్యాపకుడు. 1968లో ఒక వ్యాసంలో తన గురించే అలా రాసుకున్నాడు. తాగుబోతుకు మందు ఎలాగో తనకు పని అలాగని ఒప్పుకున్నాడు. యాభైకి పైగా పుస్తకాలు రాసిన మనిషిని సోమరి అని ఎలా అంటారు?

"గొప్పవాళ్ళు నాలుగు గంటలే నిద్రపోతారు." అంటే ఇరవై గంటలు మేలుకుని ఉండటం. వరసగా 17 గంటలు మేలుకుని ఉన్నా మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాడి స్థాయికి పడిపోతుందని పరిశోధకులు 1997లోనే కొలిచి చూపించారు. దీనికి ఇంతకన్నా జవాబు అక్కర్లేదు.

"గంటలు పెరిగితే ఫలితం పెరుగుతుంది." మొదటి ప్రపంచ యుద్ధకాలంలో బ్రిటన్ ఆయుధ కర్మాగారాల్లో పనిచేసినవాళ్ళ లెక్కలను ఆర్థికవేత్త జాన్ పెన్కవెల్ 2014లో మళ్ళీ తిరగేశాడు. వారానికి 70 గంటలు చేసినప్పటి ఉత్పత్తికీ 56 గంటలు చేసినప్పటి ఉత్పత్తికీ పెద్ద తేడా లేదు. ఆ పద్నాలుగు గంటలూ మనుషులు అరిగిపోయారు, అంతే.

ఇక నాలుగో పాయింటు. నా ఓపిక తెగింది దీని దగ్గరే. "సెలవు రోజు మనసు నిలవకపోతే, ఖాళీగా కూర్చుంటే తప్పు చేస్తున్నట్టు అనిపిస్తే, అది మీలోని అంకితభావం. ల్యాప్‌టాప్ తెరవండి, అరగంటలో కుదుటపడతారు" అని రాశారు. కుదుటపడతారు, నిజమే. పొద్దున్నే చేతులు వణికే తాగుబోతుకు ఒక పెగ్గు పడితే వణుకు ఆగదా? అలా ఆగిందంటేనే అలవాటు ఎంత ముదిరిందో తెలుస్తుంది. పని ఇష్టమైనవాడు అందులో ఏదో దొరుకుతుందని దాని దగ్గరికి వెళతాడు. వ్యసనపరుడు వెళ్ళకపోతే లోపల రేగేదాన్ని భరించలేక వెళతాడు. పైకి ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు, పని ఆగినప్పుడే తేడా బయటపడుతుంది. మొదటివాడు గడువు ముంచుకొచ్చి మూడు రాత్రులు మేలుకున్నా, పని ముగిశాక ముసుగుతన్ని పడుకుంటాడు. రెండోవాడికి ముగియడమే గండం. వెంటనే ఇంకో పని వెతుక్కుంటాడు. ఎవరికైనా అప్పగిస్తే సరిగ్గా చేయరని మళ్ళీ లాక్కుంటాడు. పిల్లలు బడి సంగతులు చెబుతుంటే తల ఊపుతాడు గానీ ఒక్క ముక్కా చెవికెక్కదు. ఎన్ని గంటలు చేశావని అడిగితే తగ్గించి చెబుతాడు. 'నాలో ఏదో తేడాగా ఉంది' అన్న అనుమానం ఇలాంటి మనిషికి మొదటిసారి కలిగేది ఏ ఆదివారమో, చేతిలో పని లేని ఆ కాసేపట్లోనే. సరిగ్గా ఆ కాసేపట్లోనే ఈ మెసేజ్ వచ్చి అతని ఒళ్ళో ల్యాప్‌టాప్ పెట్టి శభాష్ అంటోంది. మానేద్దామా అని ఊగిసలాడుతున్నవాడి గ్లాసు నింపేవాణ్ణి ఏమంటాం? ఇది రాసినవాణ్ణీ నేను అదే అంటాను.

"ఇంట్లోవాళ్ళ ఫిర్యాదులు పట్టించుకోకండి, రేపు వాళ్ళే గర్వపడతారు" అన్నది ఐదోది. మనలో మార్పును అందరికన్నా ముందు పసిగట్టేది వాళ్ళే.

ఆఖరి పాయింటులో రెండు వాక్యాలు మాత్రం ఒప్పుకుంటాను. "ఇది జబ్బుల జాబితాలో లేదు." నిజం. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా అయిన ఐసీడీ-11లో పని వ్యసనం పేరుతో జబ్బు లేదు. "గంటలు లెక్కపెట్టి ఎవరికీ వ్యసనం అంటగట్టొద్దు." ఇదీ నిజమే, నేనూ చాలాకాలం ఈ పొరపాటే చేశాను. అప్పు తీర్చడానికి రెండు ఉద్యోగాలు చేసే మనిషికి, పై అధికారి వదలక ఆఫీసులో ఉండిపోయే మనిషికి ఉన్నది వ్యసనం కాదు. వాళ్ళకు కావలసింది సరైన జీతం, అమలయ్యే చట్టం. ఎందుకు చేసినా శరీరం మీద పడే భారం మాత్రం ఒకటే. 35-40 గంటలు చేసేవాళ్ళతో పోలిస్తే వారానికి 55 గంటలు, ఆపైన చేసేవాళ్ళకు పక్షవాతం ముప్పు 35 శాతం, గుండె రక్తనాళాల జబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థే అంతర్జాతీయ కార్మిక సంస్థతో కలిసి 2021లో ప్రకటించింది.

రాత్రి ఒకటీ నలభైకి పంపిన మిత్రమా, నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం వాళ్ళు 2012లో తయారుచేసిన ఏడు ప్రశ్నలు నీకు చెబుతాను. గడిచిన ఏడాదిని తలుచుకుని చూడు. పనికి ఇంకా సమయం ఎలా మిగల్చాలా అని ఆలోచించావా? అనుకున్నదానికన్నా చాలా ఎక్కువసేపు చేశావా? అపరాధభావమో ఆందోళనో దిగులో తగ్గడానికి పనిలో పడ్డావా? తగ్గించుకోమని ఎవరైనా అంటే వినకుండా ఉన్నావా? పని చేయనివ్వకపోతే ఒత్తిడికి లోనయ్యావా? సరదాలు, వ్యాయామం పక్కన పెట్టావా? పని ఎక్కువై ఆరోగ్యం చెడిందా? వీటిలో కనీసం నాలుగు ప్రశ్నలకు 'తరచూ' అనో 'ఎప్పుడూ' అనో జవాబు వస్తే మానసిక వైద్యుణ్ణి కలువు, నేనూ తోడు వస్తాను. నాలుగో ప్రశ్నకు మాత్రం జవాబు నువ్వు చెప్పకు, ఇంట్లోవాళ్ళను అడుగు.