పీడీఎఫ్‌లో ఒక్క అక్షరం మార్చడం చిన్న పని కాదు బాబాయ్

పోయిన నెలలో ఒక రాత్రి తొమ్మిదిన్నరకు మా బాబాయి ఫోన్ చేశారు. "అమ్మాయీ, నువ్వు ఎలాగూ కంప్యూటర్ ముందే ఉంటావు కదా, చిన్న పని. పెళ్లికార్డు పీడీఎఫ్ పంపాను చూడు. పెళ్లికూతురి పేరు ఝాన్సీ అయితే జాన్సీ అని పడింది. ఆ జ తీసి ఝ పెట్టు. పొద్దున్నే ప్రింటుకు పంపాలి."

పుస్తకాలకు, పత్రికలకు పేజీలు కట్టడమే నా వృత్తి. ఇరవై ఏళ్లుగా ఇదే అన్నం పెడుతోంది. "చిన్న పని" అన్న మాట వినగానే నిద్ర మీద ఆశ వదిలేసుకుంటాను. అయినా బాబాయి కదా, ఫైలు తెరిచాను. కర్సర్ తీసుకెళ్లి జ పక్కన పెట్టి, దాన్ని చెరిపి, ఝ కొట్టాను. అక్షరం రాలేదు, ఖాళీ డబ్బా వచ్చింది. మళ్లీ కొట్టాను, మళ్లీ డబ్బాయే.

కారణం తెలిస్తే సగం తలనొప్పి తగ్గుతుంది. పీడీఎఫ్ తయారుచేసేటప్పుడు ఫాంటు మొత్తాన్ని లోపల పెట్టరు. ఫైలు పెరగకుండా ఆ పత్రంలో వాడిన అక్షరరూపాలను మాత్రమే ఏరి పొదుగుతారు. ఆ కార్డులో ముహూర్తం ఉంది, విందు ఉంది, బంధుమిత్రుల అభినందనలు ఉన్నాయి, ఝ మాత్రం ఎక్కడా లేదు. మరి ఎక్కడినుంచి వస్తుంది? వేరే ఫాంటు తెచ్చి పెడితే సన్నటి అక్షరాల వరుసలో ఆ ఒక్క ఝ పొట్టేసుకుని కూర్చుంది. ఆ పేరు చూసి వియ్యాలవారు ఏమనుకుంటారో ఊహించుకుని ఆ ప్రయత్నం మానుకున్నాను. కార్డు కట్టిన ప్రెస్ అతనికి పొద్దున్నే ఫోన్ చేస్తే అసలు ఫైలులో దిద్ది ఐదు నిమిషాల్లో కొత్త పీడీఎఫ్ పంపాడు. బాబాయి మాత్రం "దీనికోసం ఇంత చదువు దేనికి" అన్నారు.

ఆయన ఒక్కరే కాదు, చాలామంది పీడీఎఫ్‌ను వర్డ్ ఫైలుకు అన్నయ్య అనుకుంటారు. కాదు, అది అచ్చయిపోయిన కాగితం. అడోబీ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకరైన జాన్ వార్నాక్ 1991లో కెమెలాట్ అనే పేరుతో ఈ ఆలోచన రాసుకున్నప్పుడు ఆయన కోరిక ఒక్కటే: ఏ కంప్యూటర్‌లో తెరిచినా, ఏ ప్రింటర్‌లో తీసినా పేజీ ఒకేలా కనపడాలి. 1993లో పీడీఎఫ్ వచ్చింది, 2008లో అంతర్జాతీయ ప్రమాణం కూడా అయింది. కదలకుండా ఉండటం కోసం పుట్టినదాన్ని కదలడం లేదని తిడితే ఎలా? కాబట్టి ఎవరైనా "ఈ పీడీఎఫ్ కాస్త మార్చి పెట్టండి" అంటే నేను వేసే మొదటి ప్రశ్న "దీని అసలు ఫైలు ఎవరి దగ్గర ఉంది?" అన్నదే. పది కేసుల్లో ఏడెనిమిది అక్కడే తేలిపోతాయి.

తెలుగు పీడీఎఫ్‌ల కథ ఇంకా ఘోరం. ఇంగ్లీషు పీడీఎఫ్‌ను వర్డ్‌లోనో లిబ్రాఫీస్ డ్రాలోనో తెరిస్తే అటూ ఇటూ అయినా ఏదో ఒకటి చేతికి వస్తుంది. తెలుగులో అలా కుదరదు. "స్త్రీ" అన్న ఒక్క అక్షరం వెనక యూనికోడ్‌లో, అంటే అన్ని భాషల అక్షరాలకూ కంప్యూటర్లు వాడే ఉమ్మడి సంకేతాల పద్ధతిలో, ఆరు సంకేతాలు ఉంటాయి: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. పీడీఎఫ్ లోపల ప్రధానంగా ఉండేవి ఈ సంకేతాలు కావు, వాటితో ఏర్పడిన ఆకారాలు, అవి పేజీలో ఎక్కడ కూర్చోవాలన్న లెక్కలు. ఏ ఆకారం ఏ అక్షరమో చెప్పే పట్టిక సరిగా లేకపోతే కాపీ చేసినప్పుడు వత్తులు పక్క అక్షరం కిందికి వలస వెళ్తాయి, గుణింతాలు ముందుకో వెనక్కో జారతాయి.

ఇది యూనికోడ్‌లో చేసిన వాటి గతి. పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ పేజ్‌మేకర్‌లో, "అను" అనే తెలుగు ఫాంట్లతో కట్టిన పాత ఫైళ్లయితే చెప్పనక్కర్లేదు. వాటిలో తెలుగు ముక్కలు ఇంగ్లీషు అక్షరాల గూళ్లలో కాపురం ఉంటాయి. కంటికి ముత్యాల్లాంటి తెలుగు, కాపీ చేస్తే డాలరు గుర్తులు, కొక్కేలు, చుక్కలు. అలాంటి ముక్కను ఫాంటు మార్పిడి సాధనంలో వేస్తే చాలావరకు యూనికోడ్‌గా మారుతుంది, మిగిలినది కంటితో దిద్దుకోవాలి. తెలుగుకు యూనికోడ్‌లో చోటు 1991లోనే దొరికింది. ఇన్నేళ్ల తర్వాత కూడా వెతకడానికి వీల్లేని పీడీఎఫ్‌లు తయారు చేస్తూనే ఉన్నాం. పత్రిక పాత సంచికల్లో మీ తాతగారి కథ వెతకాలంటే ఇప్పటికీ పేజీ తర్వాత పేజీ తిప్పాల్సిందే. నా కోపమంతా ఇక్కడే. పుస్తకం వేసేవారు ప్రెస్‌కు ఇచ్చిన పీడీఎఫ్‌తో పాటు యూనికోడ్ పాఠాన్ని కూడా దాచుకుంటే ఏం పోతుంది?

పాఠమే లేని వట్టి స్కాన్ అయితే గూగుల్ డ్రైవ్‌లో పెట్టి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. తెలుగు బాగానే చదువుతుంది. పేజీలు ఎక్కువుంటే ముక్కలుగా చేసి ఇవ్వండి, పెద్ద ఫైలు దానికి అరగదు. నెట్‌లో పెట్టడం ఇష్టం లేకపోతే టెసెరాక్ట్ ఉంది, బొమ్మలోని అక్షరాలను మన కంప్యూటర్‌లోనే చదివే సాఫ్ట్‌వేర్. ఉచితం, తెలుగు వచ్చు. 300 డీపీఐకి (అంగుళానికి ఇన్ని చుక్కలన్న లెక్క) తగ్గకుండా, పేజీ వంకర లేకుండా స్కాన్ చేస్తేనే ఫలితం. వచ్చినదాన్ని అలాగే నమ్మవద్దు. ధ పొట్టలో చుక్క పెడితే థ, పాత అచ్చులో ఆ చుక్క కనపడితేగా! "కథ" కాస్తా "కధ" అయి కూర్చుంటుంది. ఆ మాటకొస్తే మనుషులు రాసేటప్పుడు కూడా అలాగే రాస్తున్నారు, యంత్రాన్ని అని ఏం లాభం.

ఇక భయపెట్టే సంగతి. మా వీధిలో ఒకాయన అద్దె ఒప్పందం పీడీఎఫ్‌ను అపార్ట్‌మెంట్ గ్రూపులో పెట్టారు, నమూనాగా పనికొస్తుందని. మంచి మనసే. ఆధార్ నంబర్ల మీద నల్లటి పట్టీలు కూడా వేశారు. నాకు అనుమానం వచ్చి ఆ పట్టీ మీదుగా మౌస్ లాగి, కాపీ చేసి, నోట్‌ప్యాడ్‌లో అతికించాను. పన్నెండు అంకెలూ వరుసగా వచ్చి నిలబడ్డాయి. వెంటనే ఫోన్ చేసి తీయించాను కానీ అప్పటికే ఎందరు దించుకున్నారో. ఆయన చేసినది అక్షరాల మీద నల్ల కాగితం పరచడమే, కింద అక్షరాలు ఉన్నచోటే ఉన్నాయి. ఈ పొరపాటు చదువుకున్నవాళ్లకు రాదనుకోవద్దు. 2019 జనవరిలో అమెరికాలో ట్రంప్ ఎన్నికల ప్రచారానికి ఒకప్పుడు సారథిగా ఉన్న పాల్ మానఫోర్ట్ లాయర్లు కోర్టులో వేసిన పత్రంలో ఇలాగే నల్లపట్టీల కింది మాటలు విలేకరులు కాపీ చేసి చదివేశారు. దాచాల్సింది ఉంటే అసలు ఫైలులోనే చెరిపి కొత్తగా పీడీఎఫ్ చేయండి. అసలు ఫైలు లేకపోతే పట్టీ వేసిన పేజీని బొమ్మగా మార్చి, ఆ బొమ్మతో పీడీఎఫ్ కట్టండి. పంపేముందు నేను చేసినట్టే మౌస్ లాగి చూసుకోండి. ఆధార్ ఇవ్వాల్సి వస్తే చివరి నాలుగు అంకెలే కనపడే మాస్క్‌డ్ ఆధార్ ఆధార్ సంస్థ వెబ్‌సైట్‌లోనే దొరుకుతుంది, మనం పట్టీలు వేసుకునే పనే లేదు.

అదే కారణంగా, ఉచితంగా పీడీఎఫ్‌లు కలిపే వెబ్‌సైట్లలో పాస్‌బుక్కులు, పాన్ కార్డులు ఎక్కించవద్దు. కలపడానికి, విడగొట్టడానికి పీడీఎఫ్‌శామ్ లాంటివి మన కంప్యూటర్‌లోనే పనిచేస్తాయి. నలభై పేజీల్లో మూడు పేజీలే కావాలంటే అది కూడా అక్కర్లేదు. క్రోమ్‌లో తెరిచి, ప్రింట్ నొక్కి, పేజీల నంబర్లు ఇచ్చి, ప్రింటర్ బదులు పీడీఎఫ్‌గా సేవ్ చేసుకోండి. ఫోన్‌లో కూడా ప్రింట్‌లో ఈ దారి ఉంటుంది. ఒక్క జాగ్రత్త: డిజిటల్ సంతకం ఉన్న పత్రాన్ని ఇలా మళ్లీ సేవ్ చేస్తే సంతకం పోతుంది, బొమ్మ మిగులుతుంది. ఈ-ఆధార్‌కు పాస్‌వర్డ్ విసుగని ఇలా విప్పుకునేవారు అసలు ఫైలును కూడా ఉంచుకోండి. ఆ పాస్‌వర్డ్ మీ పేరులో మొదటి నాలుగు ఇంగ్లీషు పెద్ద అక్షరాలు, పక్కన పుట్టిన సంవత్సరం, అంతే.

దరఖాస్తుల కాలం వచ్చిందంటే మా వదిన కొడుకు నుంచి ఫోన్ తప్పదు. "అత్తా, సైటు 200 కేబీ దాటితే తీసుకోవడం లేదు, నా మార్కుల మెమో 9 ఎంబీ ఉంది." ఫోన్‌తో రంగుల ఫోటో తీసి దాన్నే పీడీఎఫ్ చేస్తే అంతే మరి. ఏ4 పేజీని 300 డీపీఐలో తీస్తే 87 లక్షల చుక్కలు, 150లో తీస్తే 22 లక్షలు, అంటే పావు వంతు. రంగులో ఒక్కో చుక్కకు మూడు విలువలు, బూడిదరంగు ఛాయల్లో ఒకటే. అందుకని ముందు స్కాన్ యాప్‌లో అంచులు కత్తిరించి, రంగు తీసేసి, తర్వాత కుదించమన్నాను. ఇంకా తగ్గకపోతే పీడీఎఫ్‌లను కుదించగల ఘోస్ట్‌స్క్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈబుక్ అనే అమరిక బొమ్మలను 150 డీపీఐకి దించుతుంది. అలా చేస్తే 170 కేబీకి వచ్చింది. అయినా 200 కేబీలో రెండు వైపులా ఉన్న మెమో చదవగలిగేలా పంపమనే ఆ సైటు కట్టినవారు తమ మెమోను ఒకసారి ఎక్కించి చూసి ఉంటారా? అనుమానమే.

రచయితలకు ఒక్క మనవి. ప్రూఫు పీడీఎఫ్ పంపితే ప్రింటు తీసి, ఎర్ర పెన్నుతో దిద్ది, దాన్ని వంకరగా ఫోటో తీసి పద్నాలుగు వాట్సాప్ మెసేజీలుగా పంపుతున్నారు. ఉచిత అక్రోబాట్ రీడర్‌లోనే తప్పు మీద గీత గీసి, పక్కన చీటీ అంటించవచ్చు. చీటీలన్నీ వరుసగా నాకు కనపడతాయి, ఒక్కటీ జారిపోదు. ఎర్ర పెన్ను లేకపోతే చేయి ఆడదంటే సరే, కనీసం వెలుతురులో ఫోటో తీయండి.

బాబాయి కార్డు సంగతి అడుగుతారేమో. ఝాన్సీ చక్కగా పడింది. నిన్న మళ్లీ ఫోన్ చేశారు. విందు హాలు మారిందట. ఈసారి కూడా పీడీఎఫే పంపారు, వాట్సాప్‌లో, ఫోటో రూపంలో.