కండరంలో మొలిచే ఎముక

కారు ప్రమాదంలో మోకాలు డ్యాష్‌బోర్డుకు బలంగా తగిలితే తొడ ఎముక తల వెనక్కి తన్నుకుని తుంటి గిన్నె పగులుతుంది. దాన్ని ప్లేట్లు, స్క్రూలతో ఎంత సవ్యంగా అతికించినా, కొందరిలో వారాలు గడిచేసరికి తుంటి చుట్టూ ఉన్న కండరాల్లో కొత్త ఎముక పుట్టుకొస్తుంది. వైద్యులు హెటెరోటోపిక్ ఆసిఫికేషన్ అని పిలిచే ఈ స్థితిని 1973లో బ్రూకర్ అనే ఎముకల వైద్యుడు నాలుగు స్థాయిలుగా విభజించారు. మొదటి స్థాయి ఎక్స్‌రేలో తప్ప తెలియకపోవచ్చు; నాలుగో స్థాయిలో మాత్రం కీలు బిగుసుకుపోయి, పీట మీద సంగతి అటుంచి, కుర్చీలో కూర్చోవడమే కష్టమవుతుంది.

నివారణకు వ్యవధి చాలా తక్కువ. రేడియేషన్ ఇవ్వదలిస్తే 7 లేదా 8 గ్రే (రేడియేషన్ కొలమానం) ఒకే మోతాదుగా, ఆపరేషన్‌కు ముందురోజు మొదలు తర్వాతి 72 గంటల్లోపే ఇవ్వాలి. ఆ యంత్రాలు ఎక్కువగా నగరాల క్యాన్సర్ ఆస్పత్రుల్లోనే ఉంటాయి. అప్పుడే ఆపరేషన్ అయిన మనిషిని అక్కడికి తరలించడం మాటలు కాదు. అందువల్ల ఇండోమెథాసిన్ అనే చవకైన నొప్పి మాత్రను రోజుకు మూడుసార్లు 25 మిల్లీగ్రాముల చొప్పున ఆరు వారాలు రాయడం వాడుకైంది. అయితే కొత్త ఎముకను ఆపే మందు విరిగిన ఎముక అతుక్కోవడాన్నీ ఆపగలదు. తుంటి గిన్నె పగుళ్లపై 2014లో వెలువడిన అధ్యయనంలో ఆరు వారాలు వాడినవారికి మేలు కనిపించకపోగా, పగులు అతుక్కోకపోవడమే ఎక్కువైంది. వారం రోజుల వాడకమే కొంత ఆశాజనకంగా తేలింది. కడుపులో పుండ్లు, మూత్రపిండాలకు హాని అనే పాత భయాలు ఉండనే ఉన్నాయి.

కనుక అందరికీ ఒకే చీటీ రాయడాన్ని మేము సమర్థించలేము. తలకు కూడా దెబ్బ తగిలినవారు, వెంటిలేటర్‌పై ఎక్కువ రోజులు ఉన్నవారు, ఇంతకుముందు ఇలాంటి ఎముక పెరిగినవారు, తుంటి వెనుక నుంచి పెద్ద కోత పడినవారు వేరు, వారికి ముప్పు ఎక్కువ. జారిపడి తుంటి విరిగి రాడ్డు వేయించుకున్న వృద్ధులు వేరు. చితికి చచ్చిన కండరాన్ని ఆపరేషన్‌లోనే శుభ్రంగా తొలగించడమన్నది అదనపు ఖర్చు లేని జాగ్రత్త, బహుశా అందుకే దాని గురించి ఎక్కువ వినబడదు.

ముప్పు ఎంత, ఏ నివారణ ఎన్ని రోజులు ఇచ్చారు, ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వలేదు అన్నవి డిశ్చార్జి కాగితం మీద తెలుగులో ఉండాలి. బిగిసిన తుంటిని ఇంట్లో నూనె రాసి బలవంతంగా లాగించవద్దని, ఆరు వారాలకు ఎక్స్‌రే తీయించుకోవాలని కూడా అక్కడే రాయాలి.